ఇసుక వడపోత: పిడి మీది ఆరు మాటల వెనుక చరిత్ర

ఉత్తర అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇంటి వెనుక ఈతకొలను ఉన్నవారు ఇప్పుడు అరుదు కాదు. కొలను పక్కన, కంచె మూలన, పంపును ఆనుకొని ఒక గుండ్రని ట్యాంకు ఉంటుంది. మధ్యరకం ట్యాంకులో సుమారు 130 కిలోల ఇసుక పడుతుంది. దాని తల మీద ఒక పిడి, పిడి చుట్టూ ఆరు మాటలు: ఫిల్టర్, బ్యాక్‌వాష్, రిన్స్, వేస్ట్, రీసర్క్యులేట్, క్లోజ్డ్. పంపు తిరుగుతున్నంతసేపూ కొలనులోని నీళ్ళు ఈ ఇసుక గుండా పోయి వస్తుంటాయి. నీళ్ళు తేటగా ఉన్నన్నాళ్ళూ ఆ మూలకు ఎవరూ పోరు. మసకబారిన రోజున మాత్రం యజమాని చేతిపుస్తకం కోసం వెతుకుతాడు.

ఆ చేతిపుస్తకం ఏ మాట దగ్గర పిడి ఎంతసేపు ఉంచాలో చెబుతుంది కాని, ఎందుకు ఉంచాలో చెప్పదు. ఆ ఎందుకు అన్న ప్రశ్నకు సమాధానం పందొమ్మిదో శతాబ్దపు కలరా చరిత్రలోనూ, ఇరవయ్యో శతాబ్దపు అతిసార చరిత్రలోనూ ఉంది. వైద్యవృత్తిలో ఉన్నవాణ్ణి కనుక ఆ చరిత్ర మీద నాకు ఆసక్తి. దాన్ని చదివేకొద్దీ ఒక విషయం స్పష్టమవుతుంది. వడపోత లేని ఊళ్ళలో జనం చనిపోవడంలో ఆశ్చర్యం లేదు. వడపోత ఉన్న ఊళ్ళలో కూడా, దాన్ని కనిపెట్టుకొని ఉండవలసినవారు ఏమరిన వారంలోనో, పక్షంలోనో జనం జబ్బు పడ్డారు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ రెండో రకం సంఘటనల గురించి.

చెలమ నుంచి చెల్సీ దాకా

ఇసుక నీటిని తేటపరుస్తుందన్న సంగతి తెలుగువారికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఏటిలో నీరు బురదగా ఉన్నప్పుడు, లేదా ఎండిపోయినప్పుడు, ఒడ్డున ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీటిని ముంతతో తోడుకోవడం మన పల్లెల్లో నిన్నమొన్నటి వరకు నిత్యకృత్యం. కుండలో నీటికి చిల్లగింజ అరగదీసి కలపడం, పటిక తిప్పడం కూడా మనకు తెలిసినవే. చిల్లగింజ సంస్కృతంలో కతకం. సుశ్రుతసంహిత నీటిని తేటపరిచే ద్రవ్యాలలో దాన్ని చేర్చింది. అయితే చెలమ ఒక ఇంటికో, ఒక వాడకో సరిపోతుంది. ఇసుకను ఒక నగరానికి సరిపడే యంత్రంగా మార్చే ప్రయత్నం స్కాట్లండులో మొదలైంది.

1804లో పెయిస్లీ పట్టణంలో జాన్ గిబ్ అనే చలువ కర్మాగారపు యజమానికి తన బట్టల కోసం మంచి నీరు కావలసివచ్చింది. నది నీటిని గులకరాళ్ళ గుండా, ఇసుక గుండా పోనిచ్చి తేటపరుచుకున్నాడు. తన అవసరానికి మించిన నీటిని బండ్ల మీద ఊళ్ళోకి పంపి గాలను ఇంతకని అమ్మాడు. జనానికి వడపోసిన నీటిని సరఫరా చేయడం అలా ఒక బట్టల వ్యాపారి మిగులు సరుకుగా ఆరంభమైంది.

వడపోత పెట్టిన ప్రతివాడికీ వెంటనే ఎదురైన చిక్కు ఒకటే: కొన్నాళ్ళకు ఇసుక పూడుకుపోయేది. 1827లో గ్రీనక్ పట్టణంలో రాబర్ట్ థామ్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. నీటిని అడుగు నుంచి పైకి ఎదురు తోలితే ఇసుకలో చిక్కుకున్న మడ్డి లేచి బయటికి కొట్టుకుపోతుంది. ఈనాటి ఈతకొలను పిడి మీద బ్యాక్‌వాష్ అని రాసి ఉన్నది ఈ ఉపాయమే. కాని ఆ శతాబ్దంలో ఎక్కువగా వాడుకలోకి వచ్చింది మరో పద్ధతి. లండనులో చెల్సీ నీటి కంపెనీ ఇంజనీరు జేమ్స్ సింప్సన్ ఉత్తరాదిన ఉన్న వడపోతలన్నీ తిరిగి చూసివచ్చి, 1829లో థేమ్స్ ఒడ్డున ఒక ఎకరం ఇసుక పడక నిర్మించాడు. నీరు తన బరువుతో మెల్లగా కిందికి ఇంకుతుంది. పూడిక పడినప్పుడు నీటిని దించి, కూలీలు పారలతో పై పొరను పలచగా గీకి తీసేస్తారు. దీనికే తరువాత మంద ఇసుక వడపోత అని పేరు వచ్చింది.

అప్పటికి సూక్ష్మజీవుల సిద్ధాంతం పుట్టలేదు. సింప్సన్ ఆశించింది తేటదనం మాత్రమే. అంతకు మించి ఆ ఇసుక ఏదో చేస్తోందన్న అనుమానం కూడా అప్పటివారికి రావడానికి ఆధారం లేదు.

గొట్టంలో మలుగుచేపలు

లండనులో జాన్ స్నో పరిశోధనల గురించి వైద్యవిద్యార్థులందరూ చదువుకుంటారు. ఆయన 1854లో తన పరిశీలన సాగించేనాటికే నీటి చట్టం ఒకటి అమలులోకి వచ్చింది. 1852 నాటి ఆ చట్టం ప్రకారం 1855 చివరికల్లా లండను కంపెనీలు నది నీటిని వడపోసి తీరాలి. వడపోసిన నీటిని నగరానికి దగ్గరలో నిలవచేస్తే ఆ జలాశయానికి కప్పు ఉండాలి. అంటే 1860ల నాటికి లండనులో వడపోత చట్టబద్ధమైన విధి.

1866 వేసవిలో కలరా మళ్ళీ వచ్చింది. లండనులో 5 వేల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు తూర్పు లండనువారు, ఒకే కంపెనీ నీరు తాగినవారు. విలియం ఫార్ మరణాల లెక్కలు వేసి వేలెత్తి చూపగానే, వడపోయని నీటిచుక్క ఒక్కటి కూడా తాము సరఫరా చేయలేదని కంపెనీ ఇంజనీరు పత్రికాముఖంగా ప్రకటించాడు. ఆ మాట ఎక్కువ రోజులు నిలవలేదు. తమ ఇళ్ళ గొట్టాలలో మలుగుచేపలు దొరికాయని వాడకందారులు ముందుకు వచ్చారు. ఇసుక సందుల్లోంచి మలుగుచేప దూరి రాలేదు కదా! విచారణలో తేలింది ఇది: ఓల్డ్‌ఫోర్డ్ దగ్గర వడపోత పడకలు ఉన్నాయి, అవి పనిచేస్తున్నాయి కూడా. కాని వాటి పక్కనే కప్పులేని పాత జలాశయాలు ఉన్నాయి. గిరాకీ పెరిగినప్పుడు ఆ జలాశయాల నీటిని నేరుగా గొట్టాల్లోకి వదిలారు. అదే కాలంలో ఆ పక్కనే పారే లీ నదిలో కలరా రోగుల మలం కలిసింది.

వడపోతను తప్పించి నీరు పోయే అడ్డదారి ప్రతి నిర్మాణంలోనూ ఉంటుంది. మరమ్మతుల కోసం ఉండాలి కూడా. ఈతకొలను పిడి మీద దాని పేరు రీసర్క్యులేట్. నీరు పంపు నుంచి వచ్చి ఇసుకను తాకకుండానే కొలనులోకి తిరిగిపోతుంది. పిడి పొరపాటున అక్కడ ఉండిపోతే పంపు మోగుతుంది, నీరు కదులుతుంది, చూసేవారికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. తూర్పు లండనువారికి కూడా ఆ వేసవిలో అంతా సవ్యంగానే కనిపించింది.

ఒక వీధికి ఇరుపక్కల

ఇసుక నిజంగా ఏమి చేస్తోందో లోకానికి తెలిసింది 1892లో, జర్మనీలో. హాంబుర్గ్, ఆల్టోనా అప్పుడు ఒకదానినొకటి ఆనుకొని ఉన్న రెండు ఊళ్ళు. చాలాచోట్ల ఒక వీధే వాటి సరిహద్దు. రెండూ ఎల్బ నది నీటినే తాగేవి. హాంబుర్గ్ సంపన్న వాణిజ్య నగరం. తన నీటిని ఊరికి ఎగువన తీసుకునేది, కాని వడపోసేది కాదు. వడపోత నిర్మాణం గురించి ఏళ్ళ తరబడి తర్జనభర్జనలు జరిగి, పని మొదలై, ఇంకా పూర్తికాకుండా ఉంది. ఆల్టోనా తన నీటిని హాంబుర్గ్ మురుగంతా కలిసిన తరువాత, దిగువన తీసుకునేది. న్యాయంగా చూస్తే ముందు చావవలసింది ఆల్టోనావారు.

ఆగస్టులో మొదలైన కలరా కొద్ది వారాల్లో హాంబుర్గ్‌లో సుమారు 8,600 మందిని పొట్టన పెట్టుకుంది. ఆల్టోనాలో మరణాలు కొన్ని వందలు దాటలేదు. సరిహద్దు వీధిలో ఒక పక్క ఇళ్ళలో కలరా, ఎదురుపక్క ఇళ్ళలో లేదు. హాంబుర్గ్ హద్దులోనే ఉన్న ఒక ఇళ్ళ సముదాయానికి ఆల్టోనా గొట్టం నుంచి నీరు వచ్చేది; అక్కడివారికీ కలరా సోకలేదు. గాలి ఒకటే, నేల ఒకటే, నది ఒకటే. తేడా ఇసుక ఒక్కటే. కలరా నేల నుంచి పుడుతుందని వాదిస్తున్న మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ వర్గానికి ఇది పెద్ద దెబ్బ. కలరా క్రిమిని 1884లో గుర్తించిన రాబర్ట్ కాక్‌కు ఇంతకంటే గట్టి సాక్ష్యం అవసరం లేకపోయింది.

కథ ఇక్కడితో ముగిస్తే అది ఇసుక విజయగాథ అయ్యేది. కాని కాక్ అక్కడ ఆగలేదు. 1893 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆల్టోనాలోనే కలరా తలెత్తింది. వేసవిలో ఊరిని కాపాడిన ఇసుక చలికాలంలో ఎందుకు కాపాడలేకపోయింది? నీటి కేంద్రంలో పడకల లెక్కలు విడివిడిగా చూడగా కారణం దొరికింది. గడ్డకట్టే చలిలో పడకను దించి శుభ్రం చేశారు. తడి ఇసుక పై భాగం మంచుగా బిగుసుకుపోయింది. తిరిగి నీరు వదిలినప్పుడు ఆ పడక సరిగా వడపోయలేదు. అన్ని పడకల నీరూ కలిసిపోయే చోట పరీక్షిస్తే ఒక్క పడక దోషం తెలియలేదు. అదే చలికాలంలో హాలె నగరం దగ్గర నీట్‌లేబెన్ మానసిక వైద్యశాలలో కలరా చెలరేగింది. అక్కడా ఇసుక వడపోత ఉంది; దాని నిర్వహణ మాత్రం అధ్వానంగా ఉంది.

ఈ అనుభవాల నుంచి కాక్ రాబట్టిన సిద్ధాంతం కొంత విడ్డూరంగా తోస్తుంది. నీటిని శుద్ధి చేసేది ప్రధానంగా ఇసుక కాదు, ఇసుక మీద పేరుకొనే మడ్డి. జర్మన్ భాషలో దాన్ని ష్ముట్స్‌డెకె అంటారు, అంటే మురికి దుప్పటి. నాచు, సూక్ష్మజీవులు, సన్నని ఒండ్రు కలిసి జిగటగా అల్లుకొన్న ఆ పలచని పొరలోనే రోగక్రిములు చిక్కి నశిస్తాయి. కొత్త ఇసుక, అప్పుడే గీకిన ఇసుక చూడటానికి శుభ్రంగా ఉంటాయి కాని క్రిములను సరిగా ఆపలేవు. పొర మరీ మందమైతే నీరు దిగదు. కనుక పడకను ఎప్పుడు కదిలించాలి, ఎప్పుడు ముట్టకూడదు అన్నదే అసలు విద్య.

అందుకే ఆయన చెప్పిన నియమాలన్నీ కట్టడం గురించి కాక నడిపించడం గురించి. నీరు గంటకు 10 సెంటీమీటర్లకు మించిన వేగంతో దిగకూడదు. ప్రతి పడక నీటినీ విడిగా పరీక్షించాలి. వడపోసిన నీటిలో ఘన సెంటీమీటరుకు 100కు మించి సూక్ష్మజీవులు ఉండకూడదు. శుభ్రం చేసిన తరువాత మొదట వచ్చే నీటిని జనానికి ఇవ్వకుండా పారబోయడానికి వీలుండాలన్న నిబంధన ఆ దశాబ్దంలోనే జర్మనీ నియమావళిలో చేరింది. పిడి మీద రిన్స్ అన్న మాటకు ముత్తాత ఆ నిబంధన.

ఇసుకను కొలిచినవారు

అదే కాలంలో అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రపు లారెన్స్ పట్టణంలో ఒక ప్రయోగశాల ఇసుకను శాస్త్రీయంగా కొలవడం మొదలుపెట్టింది. ఆలెన్ హేజెన్ అనే యువ రసాయనవేత్త 1892లో ఇసుకకు రెండు కొలతలు నిర్ణయించాడు. మొదటిది ప్రభావ పరిమాణం: బరువులో పదో వంతు ఇసుక రేణువులు ఎంత పరిమాణం కన్నా సన్నగా ఉంటాయో అది. రెండోది రేణువులు ఎంత సమంగా ఉన్నాయో చెప్పే నిష్పత్తి. నేడు ఈతకొలను దుకాణంలో సంచీ మీద 0.45 నుంచి 0.55 మిల్లీమీటర్లు అని కనిపించే అంకెలు హేజెన్ కొలమానానికి చెందినవే. ఆటస్థలానికి తెచ్చిన ఇసుకనో, ఇల్లు కట్టగా మిగిలిన ఇసుకనో ట్యాంకులో పోయకూడదనడానికి కారణం కూడా ఇదే. సన్నవీ, ముతకవీ కలిసిన ఇసుకలో పెద్ద రేణువుల సందుల్లో చిన్నవి ఇరుక్కొని దారులు మూసేస్తాయి.

1893లో లారెన్స్ ఊరికి ఇసుక పడక అమరింది. టైఫాయిడ్ మరణాలు బాగా తగ్గాయి. దానితో పాటు మరొక వింత కనిపించింది: టైఫాయిడ్‌తో సంబంధం లేదనుకున్న మరణాలు కూడా తగ్గాయి. అక్కడ హైరమ్ మిల్స్, హాంబుర్గ్‌లో వైద్యాధికారి రైన్‌కె విడివిడిగా దీన్ని గమనించారు. మంచినీటి విలువను ఒక్క రోగం లెక్కతో కొలవరాదని ప్రజారోగ్య శాస్త్రం అప్పుడు నేర్చుకుంది.

ఇసుక వేగం

మంద వడపోతకు స్థలం కావాలి, ఓపిక కావాలి, మరీ బురదగా లేని నీరు కావాలి. ఒహాయో, మిసిసిపీ వంటి నదుల ఎర్రనీటికి ఆ పడకలు రోజుల్లో పూడిపోయేవి. దీనికి పరిష్కారం మన ఇళ్ళలోని పటికలోనే ఉంది. సెల్యులాయిడ్ తయారుచేసిన జాన్ వెస్లీ హయట్ సోదరుడు ఐజయా స్మిత్ హయట్ 1884లో ఒక పేటెంటు పొందాడు: నీటిలో మడ్డిని గడ్డకట్టించే ద్రవ్యాన్ని కలిపి, ఆ నీటిని వెంటనే ఇసుక గుండా వేగంగా పంపడం. జార్జ్ ఫుల్లర్ 1895 నుంచి 1897 వరకు లూయివిల్‌లో ప్రయోగాలు చేసి ఈ పద్ధతికి శాస్త్రీయమైన పునాది వేశాడు. 1902లో న్యూజెర్సీలోని లిటిల్ ఫాల్స్‌లో ఆయన నిర్మించిన కేంద్రం తరువాతి వాటికి నమూనా అయింది. ఇక్కడ నీరు గంటకు సుమారు 5 మీటర్లు దిగుతుంది. కాక్ పెట్టిన హద్దుకు 50 రెట్లు. మురికి దుప్పటి పెరగడానికి వ్యవధి లేదు. దాని పని పటిక చేస్తుంది. పూడిక తీయడానికి పారలకు బదులు, రాబర్ట్ థామ్ నాటి ఎదురు నీరు మళ్ళీ వచ్చింది.

వేగంతో పాటు కొంత నమ్మకం తగ్గింది. ఆ లోటు పూడ్చడానికి 1908లో జెర్సీ సిటీ నీటికి డాక్టర్ జాన్ లీల్ క్లోరిన్ కలిపించాడు. ఆయన వృత్తిరీత్యా వైద్యుడు. తాగే నీటిలో విషం కలిపారన్న అభియోగం మీద న్యాయస్థానంలో సమాధానం చెప్పుకోవలసివచ్చింది. తీర్పు ఆయన పక్షాన వచ్చింది.

మన వైపు మంద వడపోత చాలాకాలం నిలిచింది. తీరాంధ్ర, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న రోజుల్లో, 1914లో, మద్రాసు నగరానికి కిల్పాక్‌లో ఇసుక పడకలు అమరాయి. ఆరు దశాబ్దాల తరువాత, 1970లలో, నాగపూర్‌లోని నీరీ పరిశోధన సంస్థ హేగ్‌లోని ఒక అంతర్జాతీయ సంస్థతో కలిసి గ్రామాల కోసం మంద వడపోతను తిరిగి పరీక్షించింది. నమూనాగా ఎంచుకున్న నాలుగు భారతీయ గ్రామాలలో ఆంధ్రప్రదేశ్‌లోని పోతునూరు ఒకటి. కాలువ నీటిని వేసవి కోసం చెరువులో నిలవచేసి ఇసుక పడకల మీద వడపోయడం కోస్తా జిల్లాల పల్లెలకు నేటికీ పరిచితమే. రసాయనాలు అక్కరలేదు, పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఎప్పుడు గీకాలో తెలిసిన మనిషి ఒకడు కావాలి. ఆ మనిషికి నెల నెలా జీతం అందకపోతే ఎంత మంచి పడకైనా కొన్నాళ్ళకు ఒట్టి ఇసుకదిబ్బ అవుతుంది.

కొలనులోకి వచ్చిన ఇసుక

ఇరవయ్యో శతాబ్దపు ఆరంభం వరకు ఈతకొలనులలో నీటిని నింపడం, కొన్ని రోజులు వాడటం, పారబోయడం, ఇదే పద్ధతి. బ్రిటనులో బహిరంగ స్నానశాలలలో కొత్త నీరు నింపిన రోజున రుసుము ఎక్కువ, నీరు మురికైన కొద్దీ రుసుము తక్కువ. పేదవారి వంతు చివరి రోజు. తరువాత నీటిని పంపుతో తిప్పి, ఇసుకలో వడపోసి, మళ్ళీ కొలనులోకి వదిలే పద్ధతి వచ్చింది. 1910 ప్రాంతంలో అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయపు ఈతకొలనులో క్లోరిన్ వాడి చూశారు. రెండో ప్రపంచయుద్ధం తరువాత ఇళ్ళ వెనుక కొలనులు పెరిగాయి. వాటికి సరిపోయే చిన్న, మూసిన, అతివేగ ఇసుక ట్యాంకు వచ్చింది.

ఈ ట్యాంకులో నీరు గంటకు సుమారు 40 మీటర్ల వేగంతో పోతుంది. కాక్ హద్దుతో పోలిస్తే 400 రెట్లు. పైన మురికి దుప్పటి లేదు, మామూలుగా పటిక కూడా లేదు. ఒక్కసారి పోయిన నీరు పెద్దగా శుభ్రపడదు. అదే నీరు మళ్ళీ మళ్ళీ తిరగడం వలన తేట వస్తుంది, క్రిముల సంగతి క్లోరిన్‌కు వదిలేస్తారు. ఈ ఏర్పాటు బలమూ, బలహీనతా తెలిస్తే నిర్వహణ సూత్రాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

మొదటిది, పీడనం. ట్యాంకు మీద పీడన మాపకం ఉంటుంది. శుభ్రం చేసిన వెంటనే అది చూపే అంకెను రాసిపెట్టుకోవాలి. రోగి ఆరోగ్యంగా ఉన్నప్పటి రక్తపోటు తెలియకపోతే నేటి అంకెకు అర్థం ఉండదు. ఆ అంకె మీద చదరపు అంగుళానికి 8 నుంచి 10 పౌన్లు పెరిగినప్పుడు బ్యాక్‌వాష్ చేయాలి. అంతకు ముందే, ప్రతి వారాంతం అలవాటుగా చేయడం మేలు కాదు. మురికి దుప్పటి అంత కాకపోయినా, ఇక్కడ కూడా కొద్దిపాటి మడ్డి ఇసుక సందులను సన్నబరచి వడపోతకు సాయపడుతుంది.

రెండోది, క్రమం. పిడి తిప్పే ముందు పంపు ఆపి తీరాలి. బ్యాక్‌వాష్‌లో చూపుగాజులో నీరు తేటపడేదాకా, సుమారు రెండు మూడు నిమిషాలు ఉంచాలి. తరువాత మళ్ళీ పంపు ఆపి, రిన్స్‌కు తిప్పి, అర నిమిషం నుంచి ఒక నిమిషం నడపాలి. ఈ మెట్టు దాటవేసి నేరుగా ఫిల్టర్‌కు తిప్పితే, కదిలిన మడ్డి కొలనులో దుమ్ములా పరుచుకుంటుంది. కొలను అడుగున పేరుకున్న నాచును గొట్టంతో లాగేటప్పుడు ఇసుక మీదికి పంపకుండా వేస్ట్‌కు తిప్పి నేరుగా బయటికి వదలడం మంచిది.

మూడోది, రోగనిర్ణయం. పీడనం మామూలు కన్నా పడిపోతే దోషం సాధారణంగా ఇసుకకు ముందు ఉంటుంది: పంపు బుట్టలో ఆకులో, నీటి మట్టం తగ్గి గాలి పీల్చడమో. కొలనులోకి ఇసుక వస్తుంటే ట్యాంకు అడుగున ఉండే చీలికల గొట్టాలలో ఒకటి విరిగి ఉండవచ్చు. పీడనం తక్కువగానే ఉండి నీరు మాత్రం మసకగా ఉంటే, ఇసుకలో నీరు సొంతంగా బాటలు చేసుకొని పోతోందని అనుమానించాలి. ఒంటికి రాసుకున్న నూనెలు, ఎండ లేపనాలు, సున్నపు లవణాలు చేరి ఇసుక ముద్దలు కడుతుంది. నీరు ముద్దలను చుట్టి పోతుంది తప్ప వాటి గుండా పోదు. మూత తీసి చూడటం, ముద్దలు చిదపడం, అవసరమైతే ఇసుక మార్చడం తప్ప మార్గం లేదు. ఐదు నుంచి ఏడేళ్ళకొకసారి ఇసుక మార్చమని సాధారణంగా సలహా ఇస్తారు. మూత బిగింపును విప్పే ముందు పంపు ఆపి, గాలి మర తెరిచి, మాపకం సున్నాకు వచ్చిందని చూసుకోవాలి. ఒత్తిడిలో ఉన్న మూత ఎగిరిపడితే తగిలే గాయాలు మామూలువి కావు.

క్లోరిన్‌కు లొంగని క్రిమి

1987 జనవరిలో జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు పడమరగా ఉన్న కారల్టన్ పట్టణ ప్రాంతంలో అతిసారం వ్యాపించింది. సుమారు 65 వేల జనాభాలో 13 వేల మంది జబ్బు పడ్డారని అంచనా. నీటిలో క్లోరిన్ ఉంది. ఇసుక వడపోత ఉంది. నాటి ప్రమాణాలన్నిటినీ ఆ నీరు తీర్చింది. రోగకారకం క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి. పరిశోధకులు నీటి కేంద్రానికి వెళ్ళి చూడగా, మడ్డిని గడ్డకట్టించే దశ సరిగా సాగడం లేదని, ఆపి ఉంచిన పడకలను బ్యాక్‌వాష్ చేయకుండానే తిరిగి నడిపించారని తేలింది. ఆగి ఉన్న ఇసుకలోకి ఒక్కసారిగా నీరు దూసుకుపోతే అందులో చిక్కుకున్నవి విడివడి కిందికి జారుతాయి. ఆల్టోనా సంఘటన నుంచి 94 ఏళ్ళు గడిచాయి. దోషం మాత్రం ఆ జాతిదే.

ఆరేళ్ళ తరువాత, 1993 వసంతంలో, మిల్వాకీ నగరంలో ఇదే క్రిమి వలన 4,03,000 మంది అస్వస్థులయ్యారని అంచనా. నగర దక్షిణ కేంద్రంలో వడపోసిన నీటి మసక ఆ రోజుల్లో మామూలు కన్నా పెరిగింది. మాపకాలు ఆ సంగతి చూపాయి. దాని అర్థం గ్రహించేలోగా నీరు ఇళ్ళకు చేరింది. చనిపోయిన 50 మందికి పైగా రోగుల్లో అత్యధికులు ఎయిడ్స్ వలన రోగనిరోధకశక్తి కోల్పోయినవారు.

ఈతకొలనుకు ఈ క్రిమితో ఉన్న సంబంధం అంకెల్లో చూస్తే తెలుస్తుంది. నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉంటే పేగుల్లో పుట్టే సాధారణ బ్యాక్టీరియా నిమిషం లోపు నశిస్తుంది. క్రిప్టోస్పోరిడియం 10 రోజులకు పైగా బతుకుతుంది. దాని గుడ్డు వంటి రూపం 4 నుంచి 6 మైక్రాన్లు. ఈతకొలను ఇసుక నమ్మకంగా పట్టగలిగేది 20 మైక్రాన్లకు పైబడినవాటిని. అంటే ఇసుకకు అందనంత సన్నం, క్లోరిన్‌కు లొంగనంత మొండి. అమెరికాలో 2009 నుంచి 2017 వరకు ఈ క్రిమి వలన 444 వ్యాప్తులు నమోదయ్యాయి, 7,465 మంది రోగులు. వాటిలో మూడో వంతుకు పైగా ఈతకొలనుల వంటి చోట్ల నీరు మింగడం వలన వచ్చినవే.

కనుక ఇంటి కొలను ఉన్నవారు పాటించవలసిన వాటిలో అతి ముఖ్యమైనది యంత్రానికి సంబంధించినది కాదు. విరేచనాలు అవుతున్న బిడ్డను కొలనులో దింపకూడదు. క్రిప్టోస్పోరిడియం అని నిర్ధారణ అయితే విరేచనాలు ఆగిన తరువాత కూడా రెండు వారాలు ఆగాలి, ఎందుకంటే ఆ వ్యవధిలో క్రిమి మలంలో వెలువడుతూనే ఉంటుంది. పుట్టినరోజు పండుగకు పదిమంది పిల్లలను పిలిచేటప్పుడు వారి తల్లిదండ్రులకు ఈ మాట ముందే చెప్పడంలో మొహమాటం అనవసరం. అటువంటి ప్రమాదం జరిగితే క్లోరిన్ మోతాదును బాగా పెంచి గంటల తరబడి ఉంచే పద్ధతి ఒకటుంది. దాన్ని ప్రజారోగ్య శాఖ సూచనల ప్రకారమే చేయాలి. ఆ తరువాత ఇసుకను బ్యాక్‌వాష్ చేసి, ఆ నీటిని కొలనులోకి రానివ్వకుండా మురుగులోకి వదలాలి. ఇసుక పట్టుకున్నది ఇసుకలోనే ఉంటుంది, బయటికి పంపేదాకా.

పెయిస్లీ బట్టల వ్యాపారి నుంచి నేటి కొలను ట్యాంకు దాకా రెండు వందల ఇరవై ఏళ్ళు. ఈ కాలంలో ఇసుక మారలేదు; దాని గుండా నీరు పోయే వేగం మారింది. వేగం పెరిగిన ప్రతిసారీ కొంత పని ఇసుక నుంచి రసాయనానికీ, రసాయనం నుంచి మనిషి జాగ్రత్తకూ బదిలీ అయింది. చరిత్ర గ్రంథాలలో గిబ్, సింప్సన్, కాక్, ఫుల్లర్ పేర్లు ఉన్నాయి. చలికాలపు తెల్లవారుజామున పడక దించి, పార పట్టి, పై పొర ఎంత గీకాలో వేళ్ళతో తెలుసుకున్న కూలీల పేర్లు ఎక్కడా లేవు. ఆల్టోనా 1892 వేసవిలో బతికి బయటపడటంలో వారి వంతు తక్కువది కాదు. ఇంటి కొలను దగ్గర ఆ కూలీ పని ఇప్పుడు యజమానిది.